ఉద్దేశం లేని హింసకు బాధ్యులెవరు?

పంచశీలాల్లో మొదటిది ప్రాణహింసకు దూరంగా ఉండటం. వందన సమయంలో అందరితో కలిసి దాన్ని స్వీకరిస్తాం, ఇంటికొచ్చి నిశ్చింతగా నిద్రపోతాం. మనలో ఎక్కువమంది ఎవరి మీదా చెయ్యెత్తినవాళ్లం కాదు కాబట్టి, మిగతా నాలుగింటి సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్క శీలం మాత్రం నిలబెట్టుకుంటున్నామనే నమ్మకం ఉంటుంది. కానీ ఎవరూ చెయ్యెత్తకుండానే, ఎవరూ చంపాలని అనుకోకుండానే, ఒక సమూహంలో పుట్టినవాళ్లు పక్క సమూహం కన్నా ముందే చనిపోతుంటే, వాళ్ల బిడ్డలు తక్కువ బరువుతో పుడుతుంటే, దాన్ని హింస అనాలా, వద్దా? అనాల్సి వస్తే, ఆ హింస ఎవరు చేసినట్టు?

ఈ ప్రశ్నకు ఊహల్లో జవాబు వెతకనక్కర్లేదు. అమెరికాలో నల్లజాతి ప్రజల ఆరోగ్యం గురించి నూరేళ్లకు పైగా పోగుపడిన లెక్కలున్నాయి. 19వ శతాబ్దం చివర అక్కడి తెల్ల పండితులు కొందరు, నల్లవాళ్లు తొందరగా చనిపోవడానికి వాళ్ల రక్తంలోనే లోపం ఉందనీ, ఆ జాతి క్రమంగా అంతరించిపోతుందనీ రాసేవారు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఫిలడెల్ఫియా నగరంలో ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించి 1899లో ఒక పుస్తకం తెచ్చారు. నల్లజాతి ప్రజల ఆరోగ్యం మీదే 1906లో మరొకటి తెచ్చారు. కారణం రక్తంలో లేదనీ, వాళ్లు ఉంటున్న ఇళ్లలో, దొరికే పనిలో, అందని వైద్యంలో ఉందనీ అంకెలతో చూపించారు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని అడుగుతూ రాశారు. వాళ్ల కష్టంలో మన కష్టం పోలిక ఆయనకు కనబడింది. ఆ పోలిక ఆరోగ్యం విషయంలో ఎంత లోతుగా ఉందో ఇప్పుడు మనం చూడాలి.

ఒంట్లోకి వెళ్లే మూడు దారులు

వివక్ష మనిషి ఒంట్లోకి మూడు దారుల్లో వెళుతుంది. మొదటిది అందరికీ కనిపించే దారి: అందాల్సింది అందకపోవడం. 1960ల మధ్య వరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఎన్నో ఆసుపత్రులు నల్లవాళ్లను చేర్చుకునేవి కావు. చేర్చుకున్నచోట వాళ్లకు విడి వార్డులు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం అమెరికన్ రెడ్‌క్రాస్ సేకరించిన రక్తంలో కూడా తెల్లవాళ్లది వేరు, నల్లవాళ్లది వేరు. వైద్యశాస్త్రంలో దీనికి ఏ ఆధారమూ లేదని తెలిసినా ఆ చీటీలు 1950 దాకా పోలేదు.

ఇంతకన్నా ఘోరం అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో జరిగింది. 1932లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ అక్కడ సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి పురుషులను, పోల్చి చూడటానికి ఆ జబ్బు లేని మరో 201 మందిని ఎంచుకుంది. ఎక్కువమంది నిరుపేద కౌలు రైతులు. మీ రక్తం చెడిపోయింది, వైద్యం చేస్తున్నామని వాళ్లకు చెప్పారు. నిజానికి చేస్తున్నది వైద్యం చేయకుండా వదిలేస్తే ఆ జబ్బు మనిషిని ఎలా తినేస్తుందో చూడటం. 1940ల చివరికి పెనిసిలిన్ వచ్చి ఆ జబ్బు నయమయ్యేదైపోయినా వాళ్లకు అందనివ్వలేదు. 1972 దాకా, 40 ఏళ్లు ఇది సాగింది.

రెండో దారి కొలతల్లో ఉంది. ఇక్కడ కోపం, ద్వేషం ఏమీ కనబడవు. కరోనా రోజుల్లో మనందరం వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ చర్మం గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం చెబుతుంది. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసుపత్రి రోగుల మీద దీన్ని సరిచూశారు. పరికరం పర్వాలేదని చూపిస్తుండగా నిజంగా ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు తెల్ల రోగుల్లో 3.6 శాతం ఉంటే, నల్ల రోగుల్లో 11.7 శాతం ఉన్నాయి. ఆ పరికరం తయారుచేసినవాళ్లలో ఎవరూ నల్లవాళ్లు చావాలని కోరుకుని ఉండరు. కానీ ముదురు రంగు చర్మం మీద అది సరిగా పనిచేస్తుందో లేదో చాలినంతగా పరీక్షించలేదు. చర్మం రంగు సంగతి వచ్చింది కాబట్టి ఇది మనకూ పట్టించుకోవాల్సిన విషయమే.

కిడ్నీల సంగతీ ఇలాంటిదే. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తుందో రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి లెక్కకట్టడానికి 1999లో ఒక సూత్రం వచ్చింది. రోగి నల్లజాతి మనిషైతే వచ్చిన ఫలితాన్ని సుమారు 1.2తో గుణించమని అది చెప్పేది. నల్లవాళ్లకు కండ ఎక్కువ అన్న ఊహ దీనికి ఆధారం. ఫలితంగా పాడవుతున్న కిడ్నీ కాగితం మీద బాగున్నట్టు కనబడేది. పెద్ద డాక్టరు దగ్గరికి పంపడం, కిడ్నీ మార్పిడి జాబితాలో పేరు చేర్చడం ఆలస్యమయ్యేవి. ఈ గుణకారం తీసేయమని ఆ దేశపు కిడ్నీ వైద్యుల సంఘాలు 2021లో గానీ చెప్పలేదు.

మూడో దారి అన్నిటికన్నా నిదానమైనది, కంటికి కనబడనిది. 1992లో ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు ఒక వింత విషయం బయటపెట్టారు. తెల్లజాతి స్త్రీలలో 20 దాటాక కన్న బిడ్డలు, పదహారు పదిహేడేళ్లకే కన్న బిడ్డల కన్నా ఆరోగ్యంగా ఉంటారు. నల్లజాతి స్త్రీలలో ఇది తలకిందులు. వయసు పెరిగేకొద్దీ బిడ్డకు ముప్పు పెరుగుతోంది. ఎండకీ వానకీ గోడ పెచ్చులూడినట్టు, రోజూ ఎదురయ్యే అనుమానపు చూపులు, అవమానాలు, భయం ఒంటిని వయసుకు ముందే అరగదీస్తున్నాయని ఆవిడ వివరించారు. మనిషి బెదిరినప్పుడు గుండె వేగం, రక్తపోటు, ఒంట్లో కార్టిసోల్ పెరుగుతాయి. ప్రమాదం తప్పాక అవి దిగిపోవాలి. దుకాణానికి వెళ్లినా, రోడ్డెక్కినా, ఆఫీసులో కూర్చున్నా ఎవరు ఏమంటారోనని కాచుకుని ఉండాల్సిన మనిషికి అవి పూర్తిగా దిగవు. గుండె, రక్తనాళాలు, గర్భసంచి ఏళ్ల తరబడి ఆ భారం మోస్తాయి.

పేదరికమా, పుట్టుకా?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, ఇదంతా పేదరికం, చదువులేమి వల్లే కదా, జాతి ప్రసక్తి ఎందుకు అని. పేదరికం పెద్ద కారణమే. కానీ అంతా అదే అయితే చదువూ ఉద్యోగమూ వచ్చినవాళ్లకు ముప్పు తప్పాలి. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం, కాలేజీ చదువు పూర్తిచేసిన నల్లజాతి స్త్రీలు గర్భం, కాన్పు కారణంగా చనిపోయే రేటు, హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి స్త్రీల రేటుకు 1.6 రెట్లు ఉంది. చదువు ఆకలిని తీర్చింది గానీ ఆ ప్రమాదాన్ని తీర్చలేదు.

రెండోది, వాళ్ల శరీర తత్వమే అంత అని. 1997లో ఇలినాయ్ రాష్ట్రంలోని కాన్పులను పరిశీలించిన డాక్టర్లు డేవిడ్, కాలిన్స్ దీన్ని పరీక్షకు పెట్టారు. ఆఫ్రికాలో పుట్టి పెరిగి అమెరికా వచ్చిన స్త్రీల బిడ్డల బరువు, అమెరికా నల్లజాతి స్త్రీల బిడ్డల కన్నా తెల్లజాతి స్త్రీల బిడ్డలకే దగ్గరగా ఉంది. రక్తమే కారణమైతే ఆఫ్రికా నుంచి నేరుగా వచ్చినవాళ్ల బిడ్డలే చిన్నగా ఉండాలి. తేడా రక్తంలో లేదు, ఆ దేశంలో నల్లగా పుట్టి పెరగడంలో ఉంది. డుబోయిస్ చెప్పిన మాటే నూరేళ్ల తర్వాత ప్రసూతి వార్డు తూకం దగ్గర రుజువైంది.

చేతన లేదు కాబట్టి దోషం లేదా?

ఇక అసలు ప్రశ్న. కర్మకు మూలం చేతన అని బుద్ధుడు చెప్పాడు. మనసులోని ఉద్దేశమే కర్మను కర్మగా నిలబెడుతుంది. వినయ నియమాల్లో కూడా తెలియక జరిగినదానికీ తెలిసి చేసినదానికీ తేడా ఉంది. అలాగైతే, కొలత తప్పుతున్న పరికరాన్ని నమ్మిన నర్సుకు, సూత్రం ప్రకారం గుణించిన ల్యాబ్ ఉద్యోగికి దోషం అంటదు కదా? నా మనసులో ఎవరి మీదా ద్వేషం లేదు అనే మంచి మనిషి ఈ చర్చలో నుంచి చేతులు కడుక్కుని వెళ్లిపోవచ్చు కదా?

వెళ్లిపోకూడదు. చేతన గురించిన బోధ చేసినవాడి మనసును తూచడానికి పనికొస్తుంది. బాధపడినవాడి బాధను తూచడానికి అది తూకం కాదు. దుఃఖం కారణాల వల్ల పుడుతుంది, కారణాలు తొలగితే పోతుంది అన్నది ధమ్మంలో మొదటి పాఠం. ఆ కారణం ఒక దుష్టుడి కోపమైనా, ఒక మంచివాడి ఏమరుపాటైనా ఊపిరాడని మనిషికి తేడా లేదు. నా మనసు శుభ్రంగా ఉందా అని తరచి చూసుకోవడం అవసరమే. కానీ అక్కడితో ఆగిపోతే మన దృష్టంతా మన మీదే ఉంటుంది, రోగి మంచం దగ్గరికి వెళ్లదు.

రెండో మాట ఇంకా ముఖ్యం. తెలియనితనం ఎల్లకాలం తెలియనితనంగానే ఉండదు. తెలిసిన క్షణం నుంచి, మార్చకుండా ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే. అప్పటినుంచి అందులో చేతన ఉన్నట్టే. మేకన్ కౌంటీ సంగతి రహస్యమేమీ కాదు. ఆ పరిశీలన ఫలితాలు వైద్య పత్రికల్లో అచ్చవుతూనే వచ్చాయి. డాక్టర్లు చదివారు, పేజీ తిప్పారు. 1960ల మధ్యలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే ప్రజారోగ్య శాఖలో పీటర్ బక్స్‌టన్ అనే చిన్న ఉద్యోగి పనిచేసేవాడు. సుఖవ్యాధులు సోకినవాళ్లతో మాట్లాడి వివరాలు రాసుకోవడం అతని పని. తోటి ఉద్యోగుల మాటల్లో ఈ విషయం విని, కాగితాలు తెప్పించుకుని చదివి, 1966లో పైవాళ్లకు అభ్యంతరం రాశాడు. 1968లో మళ్లీ రాశాడు. 1969లో పెద్దలు కూర్చుని చర్చించి, కొనసాగించాలనే తీర్మానించారు. చివరికి అతను కాగితాలు విలేకరులకిచ్చాడు. 1972 జూలైలో వార్త వచ్చింది, కొద్ది నెలల్లో ఆ పరిశీలన ఆగిపోయింది. అతను డాక్టరు కాదు, పెద్ద అధికారి కాదు. విన్నది విననట్టు ఊరుకోలేకపోయాడు, అంతే.

మన ఇంటి సంగతి

దీన్ని వేరే దేశం కథగా చదివి పక్కన పెట్టలేం. అంబేద్కర్ తన అనుభవాలు రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో, 1929 డిసెంబరులో యంగ్ ఇండియా పత్రికలో అచ్చయిన ఒక ఉత్తరాన్ని చేర్చారు. రాసింది కథియవాడ్‌లోని ఒక అంటరాని ఉపాధ్యాయుడు. బాలింత అయిన భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు చెప్పి, ఫీజు 2 రూపాయలకు హామీ ఇస్తే, రోగిని వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. రాత్రి పూట పచ్చి బాలింతను బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టి మళ్లీ అదే వరుసలో తిరిగిచ్చాడు. ఆమెను ముట్టుకోకుండానే డాక్టరు న్యుమోనియా అని తేల్చాడు. తర్వాత పిలిస్తే రాలేదు. ఆమె చనిపోయింది. ఆ డాక్టరు ఆమెను చంపాలనుకోలేదు. ఆచారం పాటించాడు.

ఇప్పుడు థర్మామీటరు అలా చేతులు మారకపోవచ్చు. కానీ 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తర, మధ్య, తూర్పు భారతంలోని 9 రాష్ట్రాల లెక్కలు తీసి చూస్తే, అగ్రకుల హిందువుల కన్నా దళితుల ఆయుర్దాయం 3 ఏళ్లకు పైగా, ఆదివాసీల ఆయుర్దాయం 4 ఏళ్లకు పైగా తక్కువని తేలింది. ఆస్తిపాస్తుల తేడాను లెక్కలోకి తీసుకున్నా ఈ అంతరంలో సగం కూడా తీరలేదు. అమెరికాలో కాలేజీ చదివిన తల్లుల విషయంలో చూసిందే ఇక్కడా కనబడుతోంది.

అయితే మనం ఎప్పుడూ బాధితుల వైపే ఉంటామనుకోవడం కూడా పొరపాటు. చదువు కోసం హైదరాబాద్ వచ్చిన ఆఫ్రికా విద్యార్థికి గది అద్దెకివ్వడానికి వెనకాడేది తెలుగువాళ్లే. అమెరికాలో ఇల్లు చూసుకునేటప్పుడు అది నల్లోళ్ల ఏరియా, వద్దు అని ఒకరికొకరు చెప్పుకునేదీ తెలుగువాళ్లే. మన మెడికల్ కాలేజీల్లో చదివి అక్కడ ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లు ఎందరో ఉన్నారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2016లో వెలువడిన పరిశీలనలో, తెల్లజాతి వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్లలో సగం మంది నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందనడం లాంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని నమ్మారు. అలా నమ్మినవాళ్లు నల్ల రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. ఆ చదువు, ఆ వార్డుల గాలి మనవాళ్లకు మాత్రం సోకదని ఏముంది? వాడలో పుట్టినవాడికైనా, అగ్రహారంలో పుట్టినవాడికైనా ఎదుటివాడి నొప్పి మీద అపనమ్మకం తేలిగ్గానే అలవాటవుతుంది.

మామూలు మనుషులు ఏం చేయగలరు?

మొదటి పని నమ్మడం. టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ 2017లో కాన్పు అయిన మర్నాడు ఊపిరందక, తనకు రక్తం గడ్డలు కట్టే జబ్బు ఉందనీ, వెంటనే స్కాన్ చేయాలనీ నర్సుకు చెప్పారు. మందుల మత్తులో ఏదో అంటోందని ఆ నర్సు అనుకుంది. సెరెనా పట్టుబట్టాక స్కాన్ చేస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయి. ప్రపంచమంతా ఎరిగిన మనిషి మాటకే అంత విలువుంటే, ధర్మాసుపత్రి వరండాలో కూర్చున్న కూలి మనిషి మాటకు ఎంత విలువుంటుందో మనకు తెలుసు. ఎవరైనా నొప్పి అన్నప్పుడు, నన్ను చిన్నచూపు చూశారు అన్నప్పుడు, నువ్వే అలా అనుకుని ఉంటావులే అని మొదటి మాటగా అనకుండా ఉండటం ప్రతి ఒక్కరూ చేయగల పని.

రెండోది తోడు వెళ్లడం. బుద్ధుడు ఆనందుడితో కలిసి విహారంలో తిరుగుతుండగా, విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్ఖువు కనిపించాడు. ఇద్దరూ అతన్ని కడిగి మంచం మీద పడుకోబెట్టారు. ఎందుకు చూడలేదని అడిగితే మిగతా భిక్ఖువులు, అతని వల్ల సంఘానికి ఏ ఉపయోగమూ లేదని జవాబిచ్చారు. వాళ్లకు ద్వేషం లేదు. అతను వాళ్ల లెక్కలో లేడు. అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని బుద్ధుడు మందలించాడు, రోగిని చూసుకోవడం తనను చూసుకోవడమేనని చెప్పాడు. కొత్త ఊళ్లో, భాష రాని ఆసుపత్రిలో, ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియని మనిషి పక్కన చదువుకున్నవాడొకడు నిలబడితే, అవతలి గొంతు తీరే మారుతుంది. ప్రశ్నలు రాసుకుని వెళ్లడం, చెప్పింది రాసుకోవడం, అర్థం కానిది మళ్లీ అడగడం. ఇందుకు డబ్బు అక్కర్లేదు, ఒక పూట చాలు.

మూడోది ఎందుకని అడగడం. కిడ్నీ సూత్రంలో జాతి ఎందుకు ఉండాలని మొదట గట్టిగా నిలదీసినవాళ్లలో వైద్య విద్యార్థులున్నారు. పుస్తకంలో ఉంది అన్న జవాబుతో వాళ్లు సరిపెట్టుకోలేదు. సూత్రం మారాక, 2023లో మార్పిడి కోసం ఎదురుచూస్తున్న నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని సరిదిద్దాలని నియమం వచ్చింది. మన పాఠకుల్లో నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉంటారు. ఏ వాడకు చివర వెళుతున్నాం, ఎవరి బీపీ చూడకుండా రాసేస్తున్నాం, ఎవరిని ముట్టుకోకుండా మందిస్తున్నాం అని తమ రిజిస్టరునే ఒకసారి తిరగేసి చూసుకోవచ్చు.

నాలుగోది కలిసి కట్టుకోవడం. 1960ల్లో పిట్స్‌బర్గ్ నగరంలోని నల్లజాతి పేట హిల్ డిస్ట్రిక్ట్‌లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పోలీసు వ్యాను రావాలి. వచ్చినా వైద్యం తెలిసినవాళ్లు అందులో ఉండరు. 1967లో ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థ డాక్టర్ పీటర్ సఫర్ సాయంతో, ఉద్యోగాలు లేని అదే పేట మనుషులకు వందల గంటల శిక్షణ ఇప్పించి అంబులెన్స్ సేవ మొదలుపెట్టింది. పనికిరానివాళ్లని లోకం అనుకున్న ఆ మనుషులు అమెరికాలో పారామెడిక్ అనే వృత్తికి తొలి దారి వేశారు. మిసిసిపీలోని మౌండ్ బాయూలో డాక్టర్ జాక్ గైగర్, ఆయన సహచరులు 1967లో తెరిచిన ఆరోగ్య కేంద్రంలో ఆకలితో చిక్కిన పిల్లలకు మందుల చీటీ మీద తిండి రాసిచ్చేవారు. ఊరివాళ్లు బావులు తవ్వారు, మరుగుదొడ్లు కట్టారు, సహకార పొలం సాగుచేశారు.

వీటన్నిటికీ వెనక చట్టం ఉండాలి. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1966లో మెడికేర్ డబ్బు కావాలంటే వార్డులు కలపాల్సిందే అని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టింది. దశాబ్దాల అడ్డుగోడలు చాలాచోట్ల నెలల్లో పడిపోయాయి. దక్షిణాదిలో న్యుమోనియాతో, విరేచనాలతో చనిపోయే నల్లజాతి పసిపిల్లల సంఖ్య ఆ తర్వాత వేగంగా తగ్గింది. అయితే తనిఖీకి వచ్చినవాళ్లకు ఏ ఆసుపత్రి నిజం చెబుతోందో, ఏది నటిస్తోందో చెప్పింది స్థానిక కార్యకర్తలు, ఆ ఆసుపత్రుల్లోనే పనిచేసే నల్లజాతి సిబ్బంది. చట్టం చేసింది అమెరికా కాంగ్రెస్ అయినా దాన్ని వార్డు దాకా నడిపించింది మామూలు మనుషులే.

చివరిగా ఒక హెచ్చరిక మనలో మనకు. అవమానాలతో అలసిన మనిషికి ధ్యానం చెయ్యి, మనసు ప్రశాంతంగా ఉంచుకో అని సలహా ఇవ్వడం మనకు తేలిక. ధ్యానం మేలు చేస్తుంది, సందేహం లేదు. కానీ దెబ్బ తగులుతూనే ఉంటే తట్టుకోవడం నేర్పి ఊరుకోవడం కరుణ కాదు. ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సంబంధమని బాబాసాహెబ్ మనకు నేర్పారు. ఆ సంబంధం చెడినచోట జబ్బు పుడుతుందని ఇప్పుడు వైద్యశాస్త్రం లెక్కలతో చెబుతోంది.

మొదటి శీలంలో మానుకోవాల్సింది ఎంత ఉందో, పట్టించుకోవాల్సింది కూడా అంత ఉంది. ఆసుపత్రి వరండాలో మన కళ్ల ముందే ఒకరి మాటను తోసిపుచ్చుతుంటే, అద్దె గది దగ్గర ఒకరిని రంగు చూసి వెనక్కి పంపుతుంటే, అక్కడ నిలబడి ఒక మాట అడగడం ఆ శీలాన్ని పాటించడమే. చూశాక తలతిప్పుకుని వెళ్లినవాళ్లం మాత్రం మాకేమీ తెలియదని చెప్పుకోలేం.